అండర్‌స్కోర్ తెర మాత్రమే, తాళం కాదు!

ప్రోగ్రామ్‌ని కట్టి, పరీక్షించి, పంపే పనుల్ని రాసిపెట్టే బిల్డ్ స్క్రిప్టులో, టార్గెట్ (అంటే పేరు పెట్టిన ఒక పని) పేరు ముందు ఒక అండర్‌స్కోర్ తగిలించి, "ఇక దీన్ని బయటి నుంచి ఎవరూ రన్ చేయలేరు" అని ధీమాగా ఉండేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే ఒకప్పుడు నేనూ అంతే. మా అప్‌లోడ్ స్టెప్‌ని అలాగే దాచాను. హడావుడిలో ఒకతను ఆ పేరే నేరుగా టైప్ చేశాడు. టెస్టులు నడవలేదు, బిల్డ్ ఫోల్డర్‌లో పడి ఉన్న పాత ప్యాకేజీ వెళ్ళి సర్వర్‌లో కూర్చుంది. తప్పు అతనిది కాదు. నేను వేసింది తెర, వేశాననుకున్నది తాళం.

జస్ట్ అనే టూల్‌నే చూడండి. అక్కడ టార్గెట్‌ని రెసిపీ అంటారు. రెసిపీ పేరు అండర్‌స్కోర్‌తో మొదలైనా, పైన ప్రైవేట్ అని రాసినా, లిస్ట్ అడిగినప్పుడు అది కనబడదు. అంతే! పేరు తెలిసినవాళ్ళు టైప్ చేస్తే శుభ్రంగా నడుస్తుంది, తెర పక్కకి జరిపి లోపలికి వెళ్ళినట్టు. దానికి ప్రైవేట్ అన్న పేరేంటో నాకైతే అర్థం కాదు. రేక్ అనే ఇంకో టూల్‌లో వివరణ రాయని టాస్కు (అక్కడ టార్గెట్‌ని అలా అంటారు) కూడా ఇదే బాపతు.

అసలు తాళం కావాలంటే టాస్క్ అనే టూల్ చదివే టాస్క్‌ఫైల్‌లో ఉంది. ఇంటర్నల్ అన్నచోట ట్రూ అని రాస్తే, కమాండ్ లైన్ నుంచి పిలిచినా ఒప్పుకోదు. వేరే టాస్కు పిలిస్తేనే కదులుతుంది.

యాంట్ అనే టూల్‌ది ఇంకా చమత్కారం. టార్గెట్ పేరుని హైఫన్‌తో మొదలుపెట్టండి. కమాండ్ లైన్‌లో హైఫన్ కనబడగానే యాంట్ దాన్ని ఆప్షన్ అనుకుంటుంది, కాబట్టి ఆ టార్గెట్‌ని బయటి నుంచి పిలిచే దారే లేదు. తెరా లేదు, తాళమూ లేదు, ఆ వైపు గుమ్మమే కట్టలేదన్నమాట! ఇది దొడ్డిదారి చిట్కా కాదు, యాంట్ మాన్యువలే చెప్పే పద్ధతి.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. బేజెల్ అనే బిల్డ్ టూల్‌లో విజిబిలిటీ ప్రైవేట్ అంటే వేరే ప్యాకేజీలు (అక్కడ ప్యాకేజీ అంటే బిల్డ్ ఫైల్ ఉన్న ఫోల్డర్) ఆ టార్గెట్ మీద ఆధారపడకుండా వేసిన తాళం. మీరే కమాండ్ లైన్‌లో బిల్డ్ చేస్తే అవుతుంది. జీఎన్‌యూ మేక్ అనే టూల్‌లో ప్రైవేట్ అనే మాట ఉంది కానీ, అది వేరియబుల్స్‌కి, టార్గెట్లకి కాదు. ఫోనీకీ (ఈ టార్గెట్ ఫైల్ పేరు కాదని మేక్‌కి చెప్పే గుర్తు) దాచడానికీ సంబంధమే లేదు.

మరి మేక్‌లో ఏం చేయాలి? మా అప్‌లోడ్‌కి ఇప్పుడు బిల్డు, టెస్టులు ప్రీరిక్విజిట్లు. ఎవరు పిలిచినా ముందు అవి నడవాల్సిందే. అండర్‌స్కోర్ మాత్రం ఇంకా తీయలేదు, లిస్టు పొట్టిగా ఉంటుందని.