ఒకే కథ, రెండు భాషల్లో

నమస్కారం. చదవడం అనేది పిల్లలకి ఒక్కసారే వస్తుంది. అదేంటి, ఎన్ని భాషలుంటే అన్నిసార్లు నేర్చుకోవద్దా అంటారేమో. గుర్తుకో శబ్దం ఉందని, శబ్దాలు కలిస్తే మాటవుతుందని, ఆ మాట వెనక అర్థం ఉందని ఒక భాషలో బుర్రకెక్కితే చాలు. రెండో భాషకి కొత్త అక్షరాలు, కొత్త మాటలు కావాలి గానీ, చదవడమంటే ఏమిటో మళ్ళీ మొదటినుంచి నేర్పక్కర్లేదు. అందుకే ఇంట్లో మాట్లాడే భాషతో మొదలుపెట్టమనేది.

చిక్కేంటంటే చాలా భాషల్లో పిల్లల పుస్తకాలే దొరకవు. కొనేవాళ్ళు తక్కువైతే రంగుల బొమ్మల పుస్తకం అచ్చు వెయ్యడానికి ఎవరు ముందుకొస్తారు? ఈ చిక్కుకి దారి చూపించినవాటిలో దక్షిణాఫ్రికాలో మొదలైన ఆఫ్రికన్ స్టోరీబుక్ అనే కథల వెబ్‌సైట్ ఒకటి, 2015 సెప్టెంబర్ 8న, అంటే అక్షరాస్యతా దినోత్సవం రోజున, మన దేశంలో పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ సంస్థ తెచ్చిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్ ఇంకొకటి. వీటిలో కథలు ఉచితం. నా మటుకు నాకు ఉచితం కన్నా పెద్ద సంగతి వేరే ఉంది. వీటికి క్రియేటివ్ కామన్స్ అనే లైసెన్సు ఉంటుంది, దాంతో ఎవర్నీ విడిగా అడక్కుండానే మీరు ఆ కథని మీ భాషలోకి మార్చుకోవచ్చు, బొమ్మలు అవే వాడుకోవచ్చు, అచ్చు తీసి పంచుకోవచ్చు.

ఇక ఇంట్లో ఏం చెయ్యాలి? ఒకే కథని రెండు భాషల్లో తీసుకోండి. ఈ రోజు మన భాషలో చదవండి, రేపో ఎల్లుండో రెండో భాషలో. కథ ముందే తెలుసు కాబట్టి కోతి ఎక్కడ చెట్టెక్కిందో పిల్లకి గుర్తుంటుంది, తెలియని మాటని తనే ఊహించేస్తుంది. దయచేసి వాక్యానికో వాక్యం అర్థం చెప్పి ఆ సరదా చెడగొట్టకండి. మధ్యలో రెండు భాషలూ కలిపి మాట్లాడిందా, మాట్లాడనివ్వండి, అందులో టెన్షన్ పడాల్సిందేమీ లేదు.

పుస్తకాన్ని తరగతి చూసి కాదు, పిల్ల చదివే తీరు చూసి ఎంచాలి. స్టోరీవీవర్‌లో 4 స్థాయిలున్నాయి, మొదటి స్థాయి కథలో 250 మాటలు కూడా ఉండవు. మూడో తరగతి పిల్ల రెండో భాషలో అక్కడినుంచే మొదలుపెడితే నామోషీ ఏమీ కాదు.

ఫోన్ చేతికిస్తే కథ మానేసి వీడియోలు చూస్తారన్న భయం నిజమే. కథ ముందే దింపుకుని, నెట్ ఆపేసి, పక్కన కూర్చోండి. కూర్చోవడమే కష్టం, తెలుసు.

ఒక మాట దాచకుండా చెప్పాలి. అనువాదం ఎవరైనా చెయ్యొచ్చు కాబట్టి కొన్ని కథలు నోరు తిరగనట్టుంటాయి, ఎక్కడా ఎవరూ అలా మాట్లాడరు. అందుకే ముందు మీరు పైకి చదివి చూడండి. నాలుక తడబడితే ఆ వాక్యం మీరే మార్చి రాసుకోండి. మీ భాషలో కథే లేకపోతే మొదటి స్థాయిది ఒకటి పట్టుకుని, పిల్లనే పక్కన పెట్టుకుని "దీన్ని మనింట్లో ఏమంటాం?" అని అడుగుతూ రాయండి. పూర్తయ్యాక మీ పేరుతో పాటు అసలు కథ రాసినవాళ్ళ పేరు, బొమ్మలు వేసినవాళ్ళ పేరు కూడా వెయ్యడం మర్చిపోకండి, ఆ లైసెన్సు ముఖ్యంగా అడిగేది అదే. ఉంటాను, నమస్కారం.