సర్టిఫికెట్ వచ్చింది, సరే... తర్వాత?

శ్రోతలకు నమస్కారం. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. ఈ మధ్యే చదువులో టెక్నాలజీ వాడకం మీద ఒక ఆన్‌లైన్ కోర్సు పూర్తి చేశాను, సర్టిఫికెట్ ఫోన్‌లోకి వచ్చేసింది. అది చూసి ఇంట్లోవాళ్లు అడిగిన మొదటి ప్రశ్న, "దీనికి ఇంక్రిమెంట్ ఏమైనా కలుపుతారా?" అని. కలపరు. మరి రాత్రుళ్లు కూర్చుని ఎందుకు చేసినట్టు? ఆ సంగతే చెబుతాను.

తెర మీద పాఠాలు చెప్పడం మన దగ్గర ఇవాళ మొదలైందేం కాదు. 1975 ఆగస్టులో ఇస్రో వాళ్లు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6ను ఏడాదిపాటు వాడుకుని, మన ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు చేరవేశారు. 'సైట్' అనేవారు దాన్ని. పగలు బడిపిల్లలకు, సాయంత్రం ఊరివాళ్లకు, సెలవుల్లో టీచర్లకు శిక్షణ. 2004లో అచ్చంగా చదువు కోసమే ఎడ్యుశాట్ అనే ఉపగ్రహం శ్రీహరికోట నుంచి పైకెళ్లింది. 2017 సెప్టెంబర్ 5న, టీచర్స్ డే నాడు, పాఠాలూ టీచర్ల కోర్సులూ ఉండే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక దీక్ష వచ్చింది. కరోనా ఏడాది నుంచి శిక్షణలు కూడా ఫోన్‌లోకే వచ్చేశాయి.

వచ్చాక ఏమైంది? వీడియో ఆన్ చేసి ఫోన్ వంటింటి గట్టు మీద పెట్టేసి పప్పుకు తాలింపు వేసుకున్నవాళ్లు నాకు తెలుసు. 70 శాతం దాటితేగానీ సర్టిఫికెట్ రాదంటే, క్విజ్ జవాబులు తెల్లారేసరికి వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేవి. నేను వాళ్లను తప్పుపట్టను. పగలంతా పాఠాలు, యాప్‌లో హాజరు, మధ్యాహ్న భోజనం ఫొటోలు, ఇవన్నీ అయ్యాక రాత్రి పదింటికి "అభ్యసన ఫలితాలు" అని మొదలయ్యే వీడియోని కళ్లు తెరిచి చూడటం ఎవరి వల్ల అవుతుంది చెప్పండి.

ఈ కోర్సులో మాత్రం ఒక చోట ఆగిపోయాను. పున్య మిశ్రా, మాథ్యూ కోహ్లర్ అనే ఇద్దరు విద్యా పరిశోధకులు 2006లో టీపాక్ అని ఒక ఆలోచన ముందుకు తెచ్చారు. పేరు చూసి భయపడనక్కర్లేదు. సబ్జెక్ట్ తెలియడం, దాన్ని ఎలా చెప్పాలో తెలియడం, పరికరం వాడటం తెలియడం, ఈ మూడూ విడివిడిగా ఉంటే లాభం లేదు, ఫలానా పాఠంలో ఫలానా చిక్కు దగ్గర ఫలానా పరికరం ఎందుకు అన్నది తెలిసి ఉండాలి అంటారు వాళ్లు. మనకు జరిగే శిక్షణల్లో చాలావరకు బటన్ ఎక్కడ నొక్కాలో చెప్పి, టీ తాగించి పంపించేస్తారు.

పదో తరగతి విద్యుత్ పాఠమే తీసుకోండి. ఓమ్ సూత్రం లెక్క పిల్లలు టకటకా చేసేస్తారు. వాళ్లనే, "బల్బు దాటాక తీగలో కరెంటు తగ్గుతుందా?" అని అడిగి చూడండి. "తగ్గుతుంది మేడమ్, బల్బు కొంత వాడేసుకుంటుంది కదా" అంటారు. ఫుల్ మార్కులు వచ్చే పిల్ల కూడా అదే మాట! సుద్దముక్కతో బోర్డు మీద బాణం గీసి "తగ్గదు" అంటే రాసుకుంటారు, నమ్మరు.

ఇక్కడ పనికొచ్చింది ఫెట్ సిమ్యులేషన్, అంటే కంప్యూటర్ తెర మీద చేసే ఉత్తుత్తి ప్రయోగం. నోబెల్ అందుకున్న భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టించిన ప్రాజెక్టు అది, ఉచితం. తెర మీద బ్యాటరీ, తీగ, బల్బు లాగి కలిపితే నీలం చుక్కలు కదులుతాయి, అవే ఎలక్ట్రాన్లు. ఏ క్లాసులో అయినా మొదట చేసే పని ఒకటే: బ్యాటరీ రెండు కొసలూ ఒట్టి తీగతో కలిపేయడం. భగ్గున మంట లేస్తుంది, క్లాసంతా కేకలు. ఆ గోల తగ్గాక బల్బుకు అటూ ఇటూ అమ్మీటర్ పెట్టించాను. పెట్టకముందే రీడింగ్ ఎంత రావచ్చో నోట్‌బుక్‌లో రాసుకోమన్నాను, ఇది కోర్సులో నేర్చుకున్నదే. రెండు వైపులా ఒకే అంకె. ఒకబ్బాయి లేచి, "మరి బల్బు ఏం తీసుకుంటుంది మేడమ్, బిల్లు ఎందుకు కడుతున్నాం?" అన్నాడు. ఆ ప్రశ్న కోసమే కదా ఈ తంటా అంతా! మర్నాడు ఇంటి కరెంటు బిల్లులు తెప్పించి, యూనిట్ అంటే కిలోవాట్ అవర్ అని, మనం డబ్బు కట్టేది శక్తికి అని అక్కడి నుంచి మొదలుపెట్టాను.

అలాగని మొత్తం తెర మీదే నడిపించకూడదు. అందులో సెల్ బలహీనపడదు, తీగ వదులవదు. అందుకే ముందు టార్చి బల్బు, నిజం సెల్స్ చేతికిస్తాను, అది వెలగక చిరాకు పడ్డాకే తెర. ఇంకో మాట, కోర్సు తెగ మెచ్చుకున్న గేమ్ క్విజ్‌లు నాకు నచ్చలేదు. వేలు చురుగ్గా ఉన్నవాడు గెలుస్తాడు, నిదానంగా ఆలోచించే పిల్ల ఓడిపోతుంది.

క్లాసులో ప్యానెల్, అంటే ముట్టుకుంటే పనిచేసే పెద్ద తెర, లేని బడిలో ఒక ల్యాప్‌టాప్ ఉన్నా చాలు, ఈ సిమ్యులేషన్లను ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకుండా నడుస్తాయి.

నాకింకా తేలనిది, తెర దగ్గరికి ఎప్పుడూ ఆ నలుగురు మగపిల్లలే పరుగెత్తడం. "గ్రూపులు చేయండి" అని కోర్సు ఒక్క ముక్కలో తేల్చేసింది. ప్రస్తుతానికి నేను పెట్టిన పద్ధతి, తెర ముట్టుకునేది ఒకరైతే ఏం చేయాలో చెప్పేది చివరి బెంచీ ఆడపిల్లలు. వాళ్లు చెప్పకుండా తీగ కదలకూడదు. ఇప్పుడు వాళ్లు అరిచి మరీ చెబుతున్నారు, పక్క క్లాసు తెలుగు మాస్టారు ఏం జరుగుతోందోనని వచ్చి చూసి వెళ్లారు కూడా. సెలవు, నమస్కారం.