బయోస్ అప్‌డేట్ చేసే ముందు వెనక్కి దారి ఉందో లేదో చూసుకున్నారా?

(తెర మీద: చీకటి గది. క్యాబినెట్‌లో ఫ్యాన్లు తిరుగుతున్నాయి, మానిటర్ మాత్రం నల్లగా ఉంది.)

నమస్తే అండీ. ఒంగోలు నుంచి మాట్లాడుతున్నాను.

రోహిణి కార్తెలో ఒక రాత్రి, పదకొండు దాటాక, నెల్లూరు బాలాజీ నగర్ నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాడు. మర్నాడు పొద్దున పెళ్లికూతురు వాళ్లింటికి పెన్‌డ్రైవ్ చేర్చాలి.

"అన్నా, ఎక్స్‌పోర్ట్ పెడితే డెబ్బై శాతం దగ్గర బ్లూ స్క్రీన్ వచ్చేస్తోంది. ఇది నాలుగోసారి."

"ఈ మధ్య ఏమన్నా మార్చావా అబ్బయా?"

"ఏం లేదన్నా. సాయంత్రం బయోస్ అప్‌డేట్ చేశా, అంతే."

బయోస్ అంటే కంప్యూటర్ ఆన్ చేయగానే అన్నిటికంటే ముందు లేచి, లోపలి భాగాల్ని సిద్ధం చేసే ప్రోగ్రామ్. ఆ "అంతే" వెనక ఎంత ఉందో చెప్పడానికే ఈ వీడియో.

(తెర మీద: మదర్‌బోర్డు మీది చిన్న చిప్పు, బాగా దగ్గరగా.)

ఇదిగో, చిటికెన వేలి గోరు కంటే చిన్నగా, ఎనిమిది కాళ్లతో ఉందే, బయోస్ ఉండేది దీంట్లోనే. ఈ రోజుల్లో మామూలుగా 16 ఎంబీ, కొన్ని బోర్డుల్లో 32 ఎంబీ. మనం అప్‌డేట్ అని ఒక్క మాటలో అనేస్తాం గానీ, ఆ ఒక్క ఫైల్‌లో చాలా సరుకు ఉంటుంది. ప్రాసెసర్ తప్పుల్ని సరిదిద్దే మైక్రోకోడ్, ర్యామ్‌ని సరిచూసుకునే కోడ్, వోల్టేజ్ ఎంతివ్వాలో చెప్పే పట్టికలు, సెక్యూరిటీ ఫర్మ్‌వేర్, అంటే చిప్పులోనే ఉండి భద్రత చూసుకునే ప్రోగ్రామ్. అన్నీ ఒకే రాత్రి మారిపోతాయి. మనకు కనిపించేది మాత్రం వెర్షన్ నంబరు ఒక్కటే.

ఇప్పుడు ఓవర్‌క్లాకింగ్ సంగతి, అంటే ప్రాసెసర్‌ని కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువలో నడపడం. ప్రాసెసర్ వేగం అంటే ఒక గుణకారం. బేస్ క్లాక్ 100 మెగాహెర్ట్జ్, మల్టిప్లయర్ 50 అయితే 5000 మెగాహెర్ట్జ్, అంటే 5 గిగాహెర్ట్జ్. మల్టిప్లయర్ పెంచితే వేగం పెరుగుతుంది. కానీ ఆ వేగంలో తప్పు లేకుండా లెక్క చేయాలంటే చిప్పుకు వోల్టేజ్ కూడా ఎక్కువ కావాలి. చిక్కు వచ్చేది ఇక్కడే. చిప్పు తినే పవర్ వోల్టేజ్ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 1.25 వోల్టుల నుంచి 1.40కి పెంచామనుకోండి, వేగం ఒక్క మెగాహెర్ట్జ్ పెరగకపోయినా పవర్ దాదాపు నాలుగో వంతు పెరుగుతుంది. అదంతా వేడే.

మన ఊళ్ల ఎండలు దానికి తోడు. గదిలో వేడి ఎన్ని డిగ్రీలు పెరిగితే ప్రాసెసర్ వేడి కూడా దాదాపు అన్ని డిగ్రీలు పెరుగుతుంది. సంక్రాంతి రోజుల్లో గది 24 డిగ్రీలున్నప్పుడు పెట్టిన సెట్టింగ్, మేలో గది 38కి చేరితే 14 డిగ్రీలు పైనుంచి మొదలవుతుంది. జనవరిలో రెండు గంటల టెస్ట్ పాసైందని మే నెల దాకా నమ్ముకోకండి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు ఊరికే అన్నారా?

సరే, మన తమ్ముడి దగ్గరికి వద్దాం. పాత బయోస్‌లో తన ఓవర్‌క్లాక్‌ని ప్రొఫైల్‌గా సేవ్ చేసుకున్నాడు. అప్‌డేట్ అయ్యాక సెట్టింగ్స్ అన్నీ చెరిగిపోయాయి, అది మామూలే. వెంటనే పాత ప్రొఫైల్ లోడ్ చేసేశాడు. తప్పు జరిగింది అక్కడ.

ఎందుకంటే, లోడ్ లైన్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది. ప్రాసెసర్ మీద పని పడగానే వోల్టేజ్ కొంచెం కిందికి జారుతుంది. ఆ జారినదాంట్లో బోర్డు ఎంత పూడ్చాలో ఈ సెట్టింగ్ చెబుతుంది. పాత వెర్షన్‌లో "లెవెల్ 4" పూడ్చినంతే కొత్త వెర్షన్‌లోనూ పూడ్చాలని రూలేం లేదు. తెర మీద అంకె అదే, చిప్పుకు అందేది వేరు. మామూలు పనుల్లో తెలియదు. ఎక్స్‌పోర్ట్‌లో ప్రాసెసర్ లోపల లెక్కలు చేసే కోర్లన్నీ ఒక్కసారిగా లేచినప్పుడు బయటపడుతుంది. అందుకే డెబ్బై శాతం దాకా వెళ్లి పడిపోతోంది. ప్రొఫైల్ కాదండీ, అప్‌డేట్‌కి ముందు ప్రతి పేజీని ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఆ అంకెలు చూసుకుంటూ ఒక్కొక్కటే చేత్తో పెట్టి, పెట్టినప్పుడల్లా టెస్ట్ చేసుకోండి.

తమ్ముడు భయపడి పాత బయోస్‌కి వెళ్లబోయాడు. ఫైల్ పాతదని బోర్డు తీసుకోనంది.

ఇలా ఆపడానికి కారణాలున్నాయి. కొన్ని అప్‌డేట్లు మూసేది భద్రతకు సంబంధించిన కంతల్ని. 2019 డిసెంబరులో ప్లండర్‌వోల్ట్ అనే లోపం బయటపడింది. సాఫ్ట్‌వేర్ నుంచి వోల్టేజ్ తగ్గించి ఇంటెల్ ప్రాసెసర్ చేత తప్పు లెక్క చేయించి, రహస్యాలు లాగొచ్చని పరిశోధకులు చూపించారు. దాన్ని మూయడానికి వచ్చిన బయోస్‌లతో చాలా ల్యాప్‌టాప్‌లలో వోల్టేజ్ తగ్గించుకునే వీలు పోయింది. అలా మూసిన తలుపును రోల్‌బ్యాక్‌తో, అంటే పాత వెర్షన్‌కి వెళ్లి, మళ్లీ తెరవనివ్వరు. ఇంకొన్నిసార్లు లోపలి ఫర్మ్‌వేర్ అమరికే మారిపోతుంది, పాత ఫైల్ అందులో ఇమడదు. బోర్డు కంపెనీ డౌన్‌లోడ్ పేజీలో, వెర్షన్ నంబరు కింద సన్న అక్షరాల్లో, "దీని తర్వాత పాత వెర్షన్‌కు వెళ్లలేరు" అన్న మాట ఉందేమో వెతకండి. ఆ ఒక్క లైన్ చదవడానికి అర నిమిషం పట్టదు.

(తెర మీద: బోర్డు వెనక యూఎస్‌బీ పోర్టులు, పక్కన ఫ్లాష్‌బ్యాక్ బటన్.)

ఈ బటన్ మీ బోర్డుకు ఉందా? ఉంటే ధైర్యమే. బయోస్ పాడై స్క్రీన్ రాకపోయినా, చాలా బోర్డుల్లో ప్రాసెసర్ పెట్టకపోయినా, పెన్‌డ్రైవ్ నుంచి ఫైల్ ఎక్కించుకుంటుంది. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఫార్మాట్ చేయాలి, మాన్యువల్‌లో చెప్పిన పేరే ఫైల్‌కి పెట్టాలి, గుర్తు వేసిన పోర్టులోనే గుచ్చాలి. లైట్ మినుకుమినుకుమంటున్నంతసేపు చెయ్యి పెట్టకండి. ఇన్వర్టర్ ఉంది కదా అనుకోకుండా యూపీఎస్ బ్యాటరీ ఎంతసేపు ఆగుతుందో ముందే చూసుకోండి. గాలీ వానా ఉన్న రోజు ఈ పని వద్దే వద్దు.

తమ్ముడి బోర్డుకు ఆ బటన్ లేదు. అందుకని ఫోన్ స్పీకర్‌లో పెట్టించి, ప్లగ్ పీకించి, పవర్ బటన్ కాసేపు నొక్కించాను, లోపల మిగిలిన కరెంటు పోవడానికి. తర్వాత బయోస్ సెట్టింగ్స్ చెరిగిపోవడానికి, వాటిని నిలబెట్టే రూపాయి బిళ్లంత సీమోస్ బ్యాటరీ తీయించి ఐదు నిమిషాలు ఆగాం. మళ్లీ పెట్టి ఆన్ చేస్తే నల్ల స్క్రీన్.

"పోయిందన్నా, బోర్డు పోయింది."

"పోలేదు. ముట్టుకోవద్దు. కూర్చో."

డీడీఆర్5 ర్యామ్ ఉన్న బోర్డులు సెట్టింగ్స్ చెరిగాక మొదటిసారి ఆన్ అయినప్పుడు ర్యామ్‌ని కొత్తగా సరిచూసుకుంటాయి. కొన్ని నిమిషాలు పడుతుంది. చాలామంది సరిగ్గా ఆ సమయంలోనే టెన్షన్ పడి పవర్ తీసేస్తారు. ఫోన్లో అతని ఊపిరి, ఫ్యాన్ చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు. నాలుగో నిమిషంలో లోగో వచ్చింది. డిఫాల్ట్ సెట్టింగ్స్‌తోనే ఎక్స్‌పోర్ట్ పెట్టించాను. వంద శాతం అయింది.

ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి. ఇది అతని మెషీన్ గురించి కాదు, ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లున్న వాళ్లకి. వాటిలో కొన్నింట్లో వోల్టేజ్ అవసరానికి మించి ఎక్కి, కొంతకాలానికి చిప్పు బలహీనపడే సమస్య ఉందని ఇంటెల్ 2024లో ఒప్పుకుంది. ఆగస్టులో వచ్చిన 0ఎక్స్129 మైక్రోకోడ్ 1.55 వోల్టులు దాటి అడగకుండా కట్టడి చేసింది. సెప్టెంబరులో 0ఎక్స్12బీ వచ్చింది. ఇవి మనకు అందేది బయోస్ అప్‌డేట్‌తోనే. "అప్‌డేట్ చేస్తే స్పీడ్ టెస్ట్‌లో స్కోర్ తగ్గింది, పాతదే నయం" అని వెనక్కి వెళ్లేవాళ్లను చూస్తుంటే నాకు బాధేస్తుంది. వెనక్కి వెళ్లడమంటే ఆ వోల్టేజ్‌ని మళ్లీ తెచ్చుకోవడం. ఇప్పటికే దెబ్బతిన్న చిప్పును మాత్రం ఏ అప్‌డేటూ బాగు చేయదు. ఇంటెల్ ఆ ప్రాసెసర్లకు వారంటీ రెండేళ్లు పొడిగించింది, బాక్స్‌లో కొన్నవాటికి మొత్తం ఐదేళ్లు. డిఫాల్ట్ సెట్టింగ్స్‌లో కూడా క్రాష్ అవుతుంటే బిల్లు వెతికి క్లెయిమ్ పెట్టండి.

బిట్‌లాకర్, అంటే విండోస్‌లో డిస్క్‌కి తాళం వేసే సదుపాయం, వాడేవాళ్లు అప్‌డేట్‌కి ముందు దాన్ని సస్పెండ్ చేసి, రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. ఆ కంప్యూటర్‌లోనే దాచుకుంటే అది అవసరమైనప్పుడు చూసుకునే వీలుండదు.

వారం తర్వాత నెల్లూరు వెళ్లాను. తమ్ముడి మెషీన్ ఇప్పుడు 5 కాదు, 4.8 గిగాహెర్ట్జ్ మీద, తక్కువ వోల్టేజ్‌తో నడుస్తోంది. మధ్యాహ్నం రెండింటికి, ఏసీ ఆపి, గంటసేపు ఎక్స్‌పోర్ట్ పెట్టి చూశాం. ఆగలేదు. క్యాబినెట్ తలుపు లోపలి వైపు ఒక కాగితం అంటించాడు. బయోస్ వెర్షన్, తేదీ, మల్టిప్లయర్, వోల్టేజ్, లోడ్ లైన్, అన్నీ బాల్‌పెన్‌తో. కింద ఎర్ర ఇంకుతో ఒక లైన్: "దీని నుంచి పాతదానికి పోలేం."