ఒకే ఎక్స్-మెన్ పుస్తకం, రెండు తీర్పులు: 'న్యూ ఎక్స్-మెన్' మీద తగువు ఎక్కడుంది?

(తెర మీద: టేబుల్ మీద లావుపాటి గట్టి అట్ట పుస్తకం. సైజు తెలియడానికి పక్కన ఒక లాంగ్ నోట్‌బుక్కు.)

'న్యూ ఎక్స్-మెన్' కామిక్ పుస్తకం చదివిన ఇద్దరిని పక్కపక్కన కూర్చోబెట్టి అడగండి. ఒకరు "ఎక్స్-మెన్ కథల్లో దీన్ని మించింది లేదు" అంటారు. రెండోవాళ్ళు "సగంలో మూసేశాను, ఆ బొమ్మలు చూడలేకపోయాను" అంటారు. ఇద్దరూ ఉన్నమాటే చెప్తున్నారు. మన తిరుపతిలో ఇట్లాంటి పుస్తకం ఒకరు కొంటే నలుగురి చేతులు మారుతుంది. ధరా తక్కువేం కాదు. అందుకే ఆర్డర్ పెట్టేముందు అసలు తగువు దేని గురించో తెలుసుకోవాలి. మీరు ఏ పక్షంలో తేలతారో కొనకముందే చాలావరకు చెప్పొచ్చు.

(తెర మీద: 1963 – 1975 – 2001 – 2004, ఒక్కో సంవత్సరం ఒక్కో గీత.)

ఎక్స్-మెన్‌ని 1963లో స్టాన్ లీ, జాక్ కర్బీ మొదలుపెట్టారు. 1975 నుంచి పదహారేళ్ళ పాటు క్రిస్ క్లేర్‌మాంట్ రాశారు. సినిమాల్లో, కార్టూన్లలో మనకు తెలిసిన ఎక్స్-మెన్ చాలావరకు ఆ కాలంలో తయారైనవాళ్ళే. 1991లో 'ఎక్స్-మెన్' పేరుతోనే రెండో పత్రిక మొదలైంది. 2001లో ప్రచురణ సంస్థ మార్వెల్ ఆ రెండో పత్రికను స్కాట్లాండ్ రచయిత గ్రాంట్ మోరిసన్ చేతిలో పెట్టింది. 114వ సంచిక నుంచి పేరు 'న్యూ ఎక్స్-మెన్' అయింది. 2004లో 154వ సంచికతో మోరిసన్ కథ ముగిసింది. మొత్తం 41 నెలవారీ సంచికలు, 2001 నాటి ఒక వార్షిక సంచిక. వీటన్నిటినీ ఒకే అట్ట మధ్యకు తెస్తే సుమారు వెయ్యి పేజీల ఆమ్నిబస్ అయింది.

జట్టు చిన్నది, అందరూ మ్యూటంట్లే, అంటే పుట్టుకతో వింత శక్తులున్న మనుషులు: సైక్లాప్స్, జీన్ గ్రే, వుల్వరిన్, బీస్ట్, ఎమ్మా ఫ్రాస్ట్, మ్యూటంట్ పిల్లలకు బడి నడిపే ప్రొఫెసర్ జేవియర్. తర్వాత జోర్న్ అనే కొత్త మనిషి వచ్చి చేరతాడు. ఒంటికి అతుక్కునే రంగురంగుల దుస్తులు పోయి, పసుపు ఎక్స్ గుర్తున్న తోలు జాకెట్లు వచ్చాయి. బీస్ట్ ముఖం పిల్లి ముఖంలా మారింది. ఎమ్మా ఒళ్ళు వజ్రంగా మారడం మొదలైంది. రెండో సంచిక తిరిగేలోపే జెనోషా అనే మ్యూటంట్ల దేశంలో కోటీ అరవై లక్షల మంది చనిపోతారు. ఇదంతా మొదటి వంద పేజీల్లోనే. పాత ఎక్స్-మెన్ మీద ప్రాణం పెట్టుకున్నవాళ్ళకు ఇక్కడే మొదటి దెబ్బ తగిలింది.

(తెర మీద: పెద్ద అక్షరాల్లో 'మొదటి తగువు: బొమ్మలు'.)

అన్నిటికన్నా పెద్ద తగువు ఇదే. కవర్ మీద, ప్రకటనల్లో కనిపించే పేరు ఫ్రాంక్ క్వైట్లీ. ఆయన గీతలు సన్నగా ఉంటాయి, ముఖాల్లో ముడతలు, బట్టల మడతలు ఒక్కటీ వదలడు. అందరూ ఆయన కోసమే కొంటారు. కానీ 41 సంచికల్లో ఆయన గీసినవి సుమారు నాలుగో వంతు.

కారణం లెక్కే. నెలవారీ కామిక్ అంటే ఇరవై రెండు పేజీల కథ. మామూలు చిత్రకారుడు రోజుకో పేజీ పెన్సిల్‌తో గీస్తే నెల సరిపోతుంది. క్వైట్లీ పని ఆ వేగంతో నడిచేది కాదు. పత్రిక ఆగకూడదు కాబట్టి మధ్యలో వేరేవాళ్ళను పిలిచారు. క్రొయేషియా చిత్రకారుడు ఇగోర్ కోర్డేకి చాలా తక్కువ గడువులో సంచికలు అప్పగించారు. ఆ హడావుడి పేజీల మీద కనిపిస్తుంది.

(తెర మీద: 118 నుంచి 126 దాకా తొమ్మిది గళ్ళు, ఒక్కో చిత్రకారుడికి ఒక్కో రంగు.)

ఒక్క కథాభాగం తీసుకుని చూద్దాం. 118 గీసింది ఈథన్ వాన్ స్కైవర్. 119, 120 కోర్డే. 121, 122 క్వైట్లీ. 123 మళ్ళీ వాన్ స్కైవర్. 124, 125 కోర్డే. ముగింపు 126 క్వైట్లీ. తొమ్మిది సంచికల్లో ఐదుసార్లు చెయ్యి మారింది. అదే జీన్ గ్రే 122లో కోల ముఖం, సన్నటి గీత. 124కి వచ్చేసరికి దవడ బరువెక్కుతుంది, కళ్ళ కింద నల్లటి నీడలు. పక్కపక్కన పెడితే ఇద్దరూ ఒకే మనిషి అనిపించరు. పైగా ఆ 124, 125 సంచికల్లోనే యుద్ధం పతాక స్థాయికి వస్తుంది.

నెలనెలా కొని చదివినవాళ్ళకు రెండు సంచికల మధ్య ముప్పై రోజులు గడిచేవి. పాత ముఖం మనసులో కొంచెం మసకబారేది. పుస్తకంలో అయితే పేజీ తిప్పగానే ముఖం మారిపోతుంది. మన ఇళ్ళల్లో వారపత్రికల సీరియల్ పేజీలు కత్తిరించి, పోగేసి బైండు చేయించేవాళ్ళు కదా. వారానికో భాగం చదివినప్పుడు కనిపించని అతుకులు బైండు పుస్తకంలో ఒక్క రాత్రిలో బయటపడేవి. ఇక్కడా అదే జరుగుతోంది. అందుకే బొమ్మల మీద గొడవ ఆమ్నిబస్ చదివినవాళ్ళలో ఇంకా గట్టిగా వినిపిస్తుంది.

కోర్డే మీద అందరూ ఒకేలా విరుచుకుపడటం మాత్రం అన్యాయం. 128, 129, 130 చూడండి. ఇంగ్లండు, ఫ్రాన్సు మధ్య సముద్రం కింద సొరంగంలో నడిచే కథ, ఫాంటోమెక్స్ అనే కొత్త పాత్ర మొదటిసారి కనిపించే కథ. చీకటి, మురికి, కుళ్ళిన ఒళ్ళు. ఆ లావు గీత అక్కడ సరిగ్గా అతికింది. అందమైన ముఖాలు గీయాల్సిన చోట ఆయన్ని తొందరపెట్టడమే జరిగిన తప్పు.

ఆ తర్వాత పరిస్థితి కుదుటపడింది. 135 నుంచి 138 దాకా వరుసగా క్వైట్లీ. జేవియర్ బడిలో పిల్లలే తిరగబడే కథ అది. క్వెంటిన్ క్వయర్ అనే తెలివైన కుర్రాడు 'మాగ్నీటో చెప్పిందే రైటు' అని రాసిన టీషర్టు వేసుకుని తిరుగుతాడు. మాగ్నీటో అంటే ఎక్స్-మెన్‌కి పాత శత్రువు. మా దృష్టిలో పుస్తకం మొత్తానికి గట్టి భాగం ఇదే. మ్యూటంట్ల లోకంలో బడి ఎట్లా ఉంటుంది, పిల్లలకు ఏం కోపం వస్తుంది అనేది అంతకుముందు ఎవరూ ఇంత దగ్గరగా చూపలేదు. అక్కడి నుంచి ఒక్కో కథకు ఒక్కో చిత్రకారుడు: 139 నుంచి 141 ఫిల్ జిమెనెజ్, 142 నుంచి 145 క్రిస్ బచాలో, 146 నుంచి 150 మళ్ళీ జిమెనెజ్, చివరి నాలుగూ మార్క్ సిల్వెస్ట్రి. మొదటి సగంలో ఓపిక పట్టినవాళ్ళకు రెండో సగం తేలిగ్గా సాగుతుంది.

(తెర మీద: 121వ సంచికలో ఒక పేజీ మీద కెమెరా నెమ్మదిగా కిందికి.)

ఇంకొక్క సంచిక దగ్గర ఆగాలి. 121లో మాటల్లేవు. ఆ నెల మార్వెల్ తన పత్రికలు చాలావాటిని మాటలు లేకుండా తెచ్చింది. జీన్, ఎమ్మా ఇద్దరూ జేవియర్ మనసు లోపలికి వెళ్తారు. చాలామంది దీన్ని మూడు నిమిషాల్లో తిప్పేసి "ఏమీ అర్థం కాలేదు" అంటారు. ఒకసారి వేగంగా తిప్పండి, పర్వాలేదు. రెండోసారి ఒక్కో గడి దగ్గర ఆగండి. తల్లి కడుపులో రెండు పిండాలు ఎదురెదురుగా కనిపించే చోటుకు వచ్చాక, ఎవరి చెయ్యి ఎవరి వైపు వెళ్తోందో చూడండి. ఈ కథలో శత్రువైన కసాండ్రా నోవా ఎవరు, జేవియర్ మీద ఆమెకు అంత పగ ఎందుకు అనేదానికి జవాబు ఆ గడుల్లోనే ఉంది. దాన్ని దాటేస్తే తర్వాతి ఐదు సంచికలూ కొట్లాటలాగే కనిపిస్తాయి.

(తెర మీద: ఎర్ర పట్టీ. 'ఇక్కడ కథలో గుట్టు చెప్తున్నాం. చదవబోయేవాళ్ళు ఎడిషన్ భాగానికి వెళ్ళండి.')

రెండో తగువు జోర్న్. ఇనప ముసుగు వేసుకుని, తల లోపల నక్షత్రం ఉందని చెప్పుకునే సౌమ్యుడు. గాయాలు మాన్పుతాడు, బడిలో వెనకబడిన పిల్లలకు పాఠం చెప్తాడు. 146లో ముసుగు తీస్తాడు. లోపల మాగ్నీటో.

దీన్ని మెచ్చేవాళ్ళు వెనక్కి తిప్పి సాక్ష్యాలు చూపిస్తారు. నడవలేని జేవియర్ 126లో లేచి నిలబడతాడు. జోర్న్ నయం చేశాడని అందరూ నమ్ముతారు. నిజానికి ఆయన్ని నడిపించింది వెన్నులో చేరిన సూక్ష్మ యంత్రాలు, వాటి పగ్గం మాగ్నీటో చేతిలో ఉంది. ముసుగు తీసిన రోజునే జేవియర్ మళ్ళీ కూలబడతాడు. మొదటిసారి చదివినప్పుడు దయలా కనిపించింది, రెండోసారి చదివితే పన్నాగం.

తిట్టేవాళ్ళ వాదనా గట్టిదే. మాగ్నీటోకి నాజీ మరణ శిబిరాల గతాన్ని క్లేర్‌మాంట్ 1981లో, పాత పత్రిక 'అన్‌క్యానీ ఎక్స్-మెన్' 150వ సంచికలో చెప్పారు. అప్పటి నుంచి అతను దుఃఖం మోసే మనిషి. ఆ మనిషి ఇక్కడ 'కిక్' అనే మత్తుమందుకు బానిసై, న్యూయార్క్ జనాన్ని కొలిమిలోకి తోలిస్తాడు. పాత పాఠకుల మనసు విరిగిపోయింది ఇక్కడే. మోరిసన్ ఉద్దేశం మాత్రం కథలోనే ఉంది: పిల్లల టీషర్టు మీది బొమ్మగా ఉన్నంతకాలం మాగ్నీటో గొప్పవాడు, తిరిగొచ్చాక ముసలి నియంత. మాగ్నీటో దగ్గర చదువుకున్న పిల్లలకే అతని కన్నా జోర్న్ మాస్టారు కావాలి. ఆలోచన బాగుంది. కానీ ఊరిని కూల్చి జనాన్ని చంపే పనిని ఐదు సంచికల్లో కుక్కేశారు, మాగ్నీటో పతనానికి చోటు చాల్లేదు. మా అభ్యంతరం అదొక్కటే.

తర్వాత మార్వెల్ దీన్ని వెనక్కి తీసుకుంది. 2004లోనే వచ్చిన 'ఎక్స్‌క్యాలిబర్'లో అసలు మాగ్నీటో జెనోషాలో బతికే ఉన్నాడని చూపించారు. జోర్న్‌కి ఒక కవల సోదరుణ్ణీ తెచ్చారు. అవేవీ ఈ పుస్తకంలో ఉండవు. 154 దగ్గర ఆగేవాళ్ళకు మోరిసన్ చెప్పిందే కథ.

జీన్, సైక్లాప్స్, ఎమ్మా ముగ్గురి వ్యవహారం మీద గొడవ చిన్నది, కానీ కోపం ఎక్కువ. కట్టుకున్న భార్య జీన్ ఉండగా మనసులో ఎమ్మాతో తిరిగిన సైక్లాప్స్ హీరో ఎట్లా అవుతాడని అడుగుతారు. కథ అతన్ని సమర్థించదు, విరిగిన పెళ్ళిని విరిగినట్టే చూపుతుంది. ఇది నచ్చనివాళ్ళకు ఎంత చెప్పినా నచ్చదు.

(తెర మీద: 'ఏ ఎడిషన్?' పక్కపక్కన మూడు పుస్తకాల ఆకారాలు.)

కొనడంలో జరిగే పొరపాట్లు చూద్దాం. ఇవే కథలు మెత్తటి అట్టతో ఏడు పుస్తకాలుగా వచ్చాయి, మూడు పుస్తకాలుగానూ వచ్చాయి. ఏడింటి వరుసలో మొదటిది 117 దగ్గర ఆగిపోతుంది. మూడింటి వరుసలో మొదటిది 126 దాకా వస్తుంది. రెండింటి మీదా 'ఒకటి' అనే ఉంటుంది. ఇది గమనించకుండా ఒక వరుసలో ఒకటి, ఇంకో వరుసలో రెండు తెప్పించుకుంటే కథలో గండి పడుతుంది. అందుకే సంపుటం నంబరు కాకుండా, లోపల ఏ సంచికలున్నాయో చదివి కొనండి.

రెండో పొరపాటు ఇంకా మామూలు. 2004లోనే ఇదే 'న్యూ ఎక్స్-మెన్' పేరుతో బడి పిల్లల జట్టు మీద వేరే పత్రిక వచ్చింది. రచయితలు వేరు, కథ వేరు. అట్ట మీద గ్రాంట్ మోరిసన్ పేరు లేకపోతే అది ఈ పుస్తకం కాదు.

ఆమ్నిబస్ పేజీ మామూలు కామిక్ కన్నా కాస్త పెద్దది, సుమారు 18 సెం.మీ. వెడల్పు, 28 సెం.మీ. ఎత్తు. బరువు మూడు కిలోల దాకా ఉంటుంది. పడుకుని గుండెల మీద పెట్టుకుని చదివేది కాదు, టేబుల్ కావాలి. ఇందులో వార్షిక సంచిక అడ్డంగా అచ్చయింది. అక్కడికి వచ్చేసరికి మూడు కిలోల పుస్తకాన్ని పక్కకు తిప్పి, ఒక అట్ట ఒళ్ళోకి, రెండో అట్ట టేబుల్ మీదికి వచ్చేట్టు పట్టుకోవాలి. జోర్న్ మొదటిసారి కనిపించేది అందులోనే కాబట్టి వదిలేయడానికి లేదు.

(తెర మీద: పుస్తకం వీపు టేబుల్ మీద ఆనించి, రెండు చేతులు అట్టలు తెరుస్తుంటాయి.)

పార్సిల్ విప్పగానే మధ్యకు తెరవొద్దు. వీపు టేబుల్ మీద ఆనించి రెండు అట్టలనీ నెమ్మదిగా దించండి. ముందు నుంచి ఇరవై పేజీలు, వెనక నుంచి ఇరవై పేజీలు, మార్చి మార్చి దించుతూ మడత దగ్గర వేలితో మెల్లగా నొక్కుతూ మధ్యకు రండి. పై నుంచి వీపు చూస్తే ఫారాలు (కలిపి మడిచిన కాగితాల కట్టలు) విడివిడి మడతలుగా కనిపిస్తే కుట్టు బైండింగ్, బల్లపరుపుగా పరుచుకుంటుంది. ఒకే జిగురు చారలా ఉంటే జిగురు బైండింగ్. దాన్ని బలవంతంగా విరిస్తే మధ్య పేజీలు ఊడొస్తాయి. జిగురు పుస్తకాల్లో రెండు పేజీల మీద పరిచిన బొమ్మల నడిభాగం గాడిలోకి పోతుంది. 'బొమ్మ తెగిపోయింది' అనే ఫిర్యాదుల్లో కొన్నిటికి కారణం బైండింగే, చిత్రకారుడు కాదు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానలు. తడి గాలికి నున్నటి కాగితం అలలు తేలుతుంది. బయట గోడకు ఆనిన షెల్ఫులో పెట్టకండి. నిలబెట్టాలనుకుంటే అటూ ఇటూ పుస్తకాల ఆసరా ఇవ్వండి, ఒరిగి నిలబడితే పేజీల బరువుకి వీపు సాగిపోతుంది. ఆసరా లేకపోతే పడుకోబెట్టడమే మేలు.

(తెర మీద: మూడు పుస్తకాల వరుసలో మొదటిది ముందుకు జరుగుతుంది.)

ఇక ఎవరు ఏం కొనాలి. సినిమాలు మాత్రమే చూసినవాళ్ళు నేరుగా మొదలుపెట్టొచ్చు, పాత కథలు తెలియక్కర్లేదు. క్లేర్‌మాంట్ కాలం మాగ్నీటో మీద అభిమానం ఉన్నవాళ్ళు 145 దాకా హాయిగా చదువుతారు, ఆ తర్వాత నొచ్చుకుంటారు, అది తెలిసే మొదలుపెట్టండి. బొమ్మల కోసమే కొనేవాళ్ళు ఆమ్నిబస్ జోలికి పోకుండా 126 దాకా ఉన్న పుస్తకం ఒక్కటి తెప్పించుకోండి, లేదా ఎవరిదైనా అడిగి తీసుకోండి. అందులో క్వైట్లీ, కోర్డే ఇద్దరూ ఉన్నారు. 124, 125 మిమ్మల్ని ఆపలేకపోతే మిగతావి నిశ్చింతగా కొనొచ్చు. అంతా అయ్యాక సైక్లాప్స్, ఎమ్మాల సంగతి ఏమైందో తెలియాలంటే, 2004లో మొదలైన 'అస్టోనిషింగ్ ఎక్స్-మెన్' అక్కడి నుంచే అందుకుంటుంది. దాని మొదటి 24 సంచికలకూ చిత్రకారుడు ఒక్కడే, జాన్ కాసడే.