ఇంటికెలా వస్తారో ముందే తేల్చుకోండి

కాలనీ పెద్దలకు, అమ్మలకు, అక్కలకు, కుర్చీలు ఖాళీగా ఉన్నా వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ తమ్ముళ్లకు నమస్కారం. ట్రాఫిక్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి హెల్మెట్ దగ్గర మొదలుపెడతాననుకుని ఉంటారు. ఈరోజు డ్రంక్ అండ్ డ్రైవ్ ఒక్కటే.

హైదరాబాద్‌లో ఈ తనిఖీలు ఒక పద్ధతిగా మొదలైంది 2011 చివర్లో. ఇప్పుడు బ్యారికేడ్ పడితే చాలు, వాట్సాప్‌లో లొకేషన్ తిరుగుతుంది. అందుకే పోలీసులూ చోటు మారుస్తుంటారు. జూబ్లీహిల్స్, పబ్బులు, పెద్ద కార్లు అని టీవీలో చూస్తాం గానీ, దొరికేవాళ్లలో ఎక్కువమంది టూవీలర్ వాళ్లే. వైన్స్ పక్కన కూర్చుని లేచి, "ఇల్లు ఇక్కడే కదా" అని బండి తీసినవాళ్లే.

ఆపగానే వినపడే మాట "ఒక్క బీరే సార్". రెండు తాగినవాడు నాకు ఇంతవరకూ తగల్లేదు! గొట్టం నోట్లో పెట్టుకుని బుగ్గలు పూరిస్తారు, ఊదరు. కొందరు లోపలికి పీలుస్తారు. రీడింగ్ రాదు, మళ్లీ ఊదాల్సిందే. యాలకులు, పాన్ నమిలి వచ్చేవాళ్లకు ఒక మాట: మిషన్ వాసన చూడదు, ఊపిరితిత్తుల్లోంచి వచ్చే గాలిలో ఆల్కహాల్ ఎంతుందో కొలుస్తుంది. 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు దాటితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 కింద కేసు. మొదటిసారి 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. లైసెన్సు కూడా పోవచ్చు.

కానీ మనిషిని నిజంగా కుదిపేది కౌన్సెలింగ్. గోషామహల్‌లోనో బేగంపేటలోనో ట్రాఫిక్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు ఇంట్లోవాళ్లను వెంటబెట్టుకుని రమ్మంటారు. తెర మీద యాక్సిడెంట్ వీడియో నడుస్తుంటే భర్త నేలచూపులు చూస్తాడు, పక్కనున్న భార్య తెర వదిలేసి అతన్నే చూస్తుంది. జడ్జి ముందు తడబడనివాళ్లు కూడా అక్కడ నీళ్లు నమలడం చూశాను.

2016 జూలైలో బంజారాహిల్స్‌లో తాగి నడిపిన కుర్రాళ్ల కారు డివైడర్ ఎగిరి అవతలి కారు మీద పడింది. బడి నుంచి ఇంటికొస్తున్న చిన్నపాపతో సహా ఒకే కుటుంబంలో ముగ్గురు పోయారు. అది జరిగింది పట్టపగలు. మందుకు రాత్రి, పగలు లేవు. లివర్ గంటకు సుమారు ఒక చిన్న పెగ్గు మాత్రమే కరిగిస్తుంది. కాఫీ తాగినా, తలస్నానం చేసినా ఆ వేగం పెరగదు. అర్ధరాత్రి దాకా తాగినవాడు పొద్దున పిల్లల్ని స్కూల్లో దింపేటప్పుడు కూడా మత్తులో ఉండొచ్చు. స్కూలు బస్సు డ్రైవర్లకు ఉదయం పూట పరీక్షలు చేసేది ఇందుకే.

గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. మత్తులో బ్రేక్ మీద కాలు పడటం ఒక్క సెకను ఆలస్యమైనా ఒక బస్సు పొడవుకు మించి ముందుకెళ్లిపోతారు.

తాగకముందు ఎవరైనా బుద్ధిగానే ఆలోచిస్తారు. ఇంటికెలా రావాలో అప్పుడే తేల్చుకోవాలి. బండి ఇంట్లో పెట్టి మెట్రోలో వెళ్లండి, ఆఖరి రైలు దాటిపోతే క్యాబ్ ఎక్కండి. "రాత్రిపూట క్యాబ్ వాడు రేటు పెంచుతాడు సార్" అంటారు. నిజమే, పెంచుతాడు. ఎంత పెంచినా పదివేలు అడగడు కదా!

దావత్ ఇచ్చేవాళ్లకూ చెబుతున్నా. బిర్యానీకి, మందుకు లెక్క చూసుకున్నట్టే, ఎవరు ఎవర్ని దింపాలో కూడా చూసుకోండి. అర్ధరాత్రి మీవాడు దొరికాడని ఫోనొస్తే, తాగని మనిషి లైసెన్సు పట్టుకుని వెళ్లండి. అలా వచ్చినవాళ్లకు బండి అప్పగించాలని 2021లో తెలంగాణ హైకోర్టు చెప్పింది. బండి ఇచ్చినా కేసు మాత్రం ఉంటుంది.

ఇక మీ ప్రశ్నలు అడగండి. పాత చలాన్లు తగ్గించమని మాత్రం నన్ను అడగొద్దు, నేను రిటైరయ్యాను.