ముక్కులో కండ: కొయ్యాలా, తగ్గించాలా?

అందరికీ నమస్కారం. మిర్చి యార్డు నుంచి నేరుగా వచ్చినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు, అందుకని విషయంలోకి వచ్చేస్తాను.

ముక్కు దిబ్బడతో మా ఓపీకి వచ్చేవాళ్లలో చాలామంది జేబులో చుక్కల సీసా ఉంటుంది. ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్ లాంటివి. వేసుకున్న కాసేపటికి ముక్కు తెరుచుకుంటుంది, హాయిగా నిద్ర పడుతుంది. కానీ ఐదు రోజులు దాటి వాడుతూ పోతే మందు దిగగానే ముక్కు ముందుకంటే గట్టిగా పూడుకుపోతుంది, మళ్లీ చుక్కలు, మళ్లీ దిబ్బడ, అలా ఏళ్ల తరబడి వేసుకుంటున్నవాళ్లను చూశాను. వాళ్లను తప్పు పట్టను, ఈ సంగతి వాళ్లకి ఎవరూ చెప్పలేదు.

తర్వాత అడిగేది, "కండ పెరిగిందన్నారండీ, కోయించుకోమంటారా?" అని.

ఆ కండ అందరికీ ఉంటుంది. టర్బినేట్ అంటారు, ఒక్కో పక్క మూడేసి. అన్నిటికంటే కిందది పెద్దది. లోపల సన్నటి ఎముక, పైన నెత్తురుతో ఉబ్బే మెత్తటి పొర. పీల్చిన గాలిని వెచ్చబెట్టేది, తడిపేది, దుమ్ము పట్టుకునేది అదే. పక్కకి తిరిగి పడుకుంటే కిందవైపు ముక్కు మూసుకుపోతుంది చూడండి, అది ఉబ్బడం వల్లే. కారం ఘాటుకో, అలర్జీకో ఆ వాపు ఇక తగ్గకుండా ఉండిపోతే అప్పుడు బాధ.

నేను చదువుకునే రోజుల్లో ఒక పెద్దాయన వచ్చారు. ఎక్కడో ఆ కండలు మొత్తం తీసేశారు. టార్చి వేస్తే వెనక గోడ దాకా కనిపిస్తోంది, అంత ఖాళీ, నిండా ఎండిన పక్కులు. ఆయనేమో "గాలి ఆడట్లేదు బాబూ" అంటారు. గాలి ఆడుతోందని మనకి తెలిసేది ఆ పొర మీద చల్లగా తగిలినప్పుడే. అమృతాంజనం రాసుకుంటే ముక్కు తెరుచుకున్నట్టు ఉంటుంది కదా, నిజానికి తెరుచుకోదు, మెంథాల్ ఆ చల్లదనాన్ని తెప్పిస్తుంది, అంతే. ఆయన ముఖం ఇప్పటికీ మర్చిపోలేను.

అందుకే ఇప్పుడు పై పొరని కాపాడుతూ లోపలే తగ్గిస్తాం. హెరాల్డ్ హాప్కిన్స్ అనే బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త కనిపెట్టిన కటకాల పుణ్యమా అని 4 మిల్లీమీటర్ల గొట్టంతో ముక్కు లోపలంతా టీవీలో చూస్తూ పని చేస్తున్నాం. రేడియోఫ్రీక్వెన్సీ అనే పద్ధతిలో అయితే మత్తు సూది వేసి, సూదిలాంటి ప్రోబ్‌ని కండలోకి దించి కాసేపు వేడి చేస్తాం, చాలామందికి అదే రోజు ఇంటికి. బయట కోత ఉండదు. అయితే వెంటనే గాలి ఆడుతుందని అనుకోకండి. మొదటి వారం వాపుతో ఇంకా బిగుస్తుంది, పక్కులు కడతాయి, ఉప్పునీళ్లతో కడుక్కోవాలి. లోపల కండ ముడుచుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. టెన్షన్ పడి మళ్లీ చుక్కల సీసా తీస్తే మొదటికొస్తుంది.

ముక్కు దూలం, అంటే రెండు రంధ్రాల మధ్య గోడ, వంకరగా ఉంటే దీనితో సరికాదు, దానికి ఆపరేషన్ వేరు. పాలిప్స్, అంటే ముక్కు లోపలి పొర ఉబ్బి వేలాడే మెత్తటి గడ్డలు, అవీ వేరు. అలర్జీ ఉన్నవాళ్లకి కండ మళ్లీ ఉబ్బొచ్చు కూడా. అందుకే మీ డాక్టరుని "నాకు అడ్డం ఏది? దూలమా, కండా, పాలిపా?" అని నోరు తెరిచి అడగండి.

ఆపరేషన్ దాకా వెళ్లేముందు స్టెరాయిడ్ స్ప్రే కొన్ని వారాలు సరిగ్గా కొట్టి చూడాలి. చాలామంది దూలానికేసి కొడతారు, నెత్తురు వచ్చిందని మానేస్తారు. కుడి ముక్కుకి ఎడమ చెయ్యి, ఎడమ ముక్కుకి కుడి చెయ్యి పట్టుకుంటే మందు బయటి గోడ మీద పడుతుంది. స్ప్రే తెచ్చాను, ఒకరు ముందుకు రండి, పట్టుకోవడం చూపిస్తాను.