ఊరి పేరు, ఊరి ఆచూకీ

శ్రోతలకు నమస్కారం.

దగ్గరలో మందుల షాపు ఎక్కడుందని ఫోన్‌లో వెతికితే క్షణంలో జవాబు వస్తుంది. మనం ఎక్కడున్నామో ఫోన్‌కు తెలుసు, షాపు పటంలో ముందే నమోదై ఉంటుంది. అసలు కష్టం వేరే చోట ఉంది. వార్తల్లో, వ్యాసాల్లో, సందేశాల్లో జనం రాసిన మాటల్లోంచి ఊరి పేరును పట్టుకుని, అది ఏ ఊరో కంప్యూటరు చేత తేల్పించాలి.

గుంటూరు శేషేంద్రశర్మ గారి మీద వచ్చిన వ్యాసాన్ని కంప్యూటరు గుంటూరు ఖాతాలో వేస్తే తప్పే అవుతుంది, ఎందుకంటే ఆ కవి పుట్టింది నెల్లూరు జిల్లాలో, గుంటూరు ఆయన ఇంటిపేరు. ఊళ్ల పేర్లే ఇంటిపేర్లుగా స్థిరపడిన మన దగ్గర ఈ చిక్కు అడుగడుగునా ఎదురవుతుంది. హైదరాబాదు అన్నప్పుడు అది మూసీ ఒడ్డున ఉన్నదో, పాకిస్తాన్‌లో సింధు నది దాపున ఉన్నదో చుట్టుపక్కల మాటలే చెప్పాలి: అదే పేరాలో ఆ పాకిస్తాన్ ఊరి పొరుగున ఉన్న కోట్రి, జామ్‌షోరో కనబడితే సింధ్‌లోనిదనీ, సికింద్రాబాదు కనబడితే మనదనీ నిర్ణయించవచ్చు. ఏ ఆధారమూ లేనప్పుడు జనాభా ఎక్కువున్న ఊరినే ఎంచుకోవడం తేలిక పద్ధతి, కానీ అది మన కొత్తపల్లులకూ కొత్తపేటలకూ అన్యాయం చేస్తుంది. కాలం కూడా లెక్కలోకి రావాలి: 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి కనుక, పాత వార్తలో తూర్పుగోదావరి జిల్లాలో ఉన్న అమలాపురం కొత్త వార్తలో కోనసీమ జిల్లాలో ఉంటుంది.

ఇది ప్రాణాలకు సంబంధించిన పని అని 2010 జనవరి 12న హైతీలో వచ్చిన భూకంపం చూపింది. శిథిలాల మధ్య నుంచి జనం 4636 అనే నంబరుకు తమ క్రియోల్ భాషలో సందేశాలు పంపితే, విదేశాల్లో స్థిరపడిన హైతీవాసులు వాటిని అనువదించి, ఆ వాడలు తమకు తెలిసినవే కాబట్టి చోటు గుర్తుపట్టి పటం మీద పెట్టారు. ఆ వాడుక పేర్లు తెలిసిన మనుషులు లేకపోతే ఏ యంత్రమూ ఆ పని చేయగలిగేది కాదు.

గోదావరి పొంగినప్పుడు లంక గ్రామం నుంచి సాయం కోరే మనిషి రెవెన్యూ రికార్డులోని పేరే రాస్తాడని అనుకోలేము. రేవు పేరు రాస్తాడు, గుడి పేరు రాస్తాడు, శివారు పేటను తాము పిలుచుకునే పేరు రాస్తాడు. ఆ పేర్లన్నిటినీ తెలుగు లిపిలో, అక్షాంశ రేఖాంశాలతో సహా, ఆ ఊరివారి చేతనే వరద రాకముందే నమోదు చేయించాలి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత పటంలో ఒక చోటుకు తెలుగు పేరును, వాడుక పేరును, పాత పేరును విడివిడిగా చేర్చే వీలు ఇప్పటికే ఉంది. ఖాతా తెరిచిన ఎవరైనా ఆ పని చేయవచ్చు.